షమీమ్ సేవ్ కొట్టింది

తెనాలిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యాను. అంతకుముందు పదేళ్లు రేపల్లెలో లెక్కల టీచర్ని. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, ఏ భాష నేర్చుకోవాలి, ఏ కోర్సు చేయాలి అని అడుగుతుంటారు. తెలిసింది చెప్పి, టీ ఇచ్చి పంపిస్తాను. అసలు చెప్పాల్సింది మాత్రం ఒక్కరికీ చెప్పలేకపోయాను. అందుకని రాస్తున్నాను.

మా పని

ఆస్పత్రులకు, కాలేజీలకు వెబ్ అప్లికేషన్లు తయారుచేసి ఇచ్చేవాళ్లం. తయారుచేయడానికి ఒక ఏడాది పడితే, ఆ తర్వాత పదేళ్లపాటు ఫోన్లు ఎత్తడమే పని. "మేడం, రావట్లేదండి" అంటారు. ఏం రావట్లేదో చెప్పరు. వాళ్లకు ఎదురుగా మనుషులు నిలబడి ఉంటారు, తొందరలో ఉంటారు. ఏం జరిగిందో కనిపెట్టుకోవాల్సింది మనమే.

దానికోసమే ఎర్రర్ లాగ్ ఉంటుంది. అప్లికేషన్‌లో ఎక్కడ ఏ పొరపాటు జరిగినా, ఎన్ని గంటలకు, ఏ పేజీలో, ఎవరు ఏం టైపు చేస్తుండగా జరిగిందో డేటాబేసులో ఒక పట్టికలో దానంతటదే నమోదయ్యే ఏర్పాటు అది. మా ఆఫీసులో ఆ ఏర్పాటు మొత్తం నేను రాసిందే.

మా యజమాని శేషగిరి గారు ఒకప్పుడు తెనాలిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. ఎవరి మీదా గొంతు పెంచేవారు కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు ఆయనే వచ్చేవారు. ఆయనకున్న లోపం ఒకటే, ఆయనకు జవాబు తొందరగా కావాలి. ఎక్కడినుంచి ఏ ఫిర్యాదు వచ్చినా నా టేబుల్ దగ్గరికొచ్చి, "సుగుణ గారూ, లాగ్ ఏమంటోందండి?" అనేవారు. నేను చూసి చెప్పేదాన్ని. అంతటితో ఆ విషయం ముగిసేది.

హాల్ టికెట్

నాకు లాగ్ మీద అంత నమ్మకం ఊరికే రాలేదు. బాపట్లలో ఒక కాలేజీకి పరీక్ష దరఖాస్తులు తీసుకునే అప్లికేషన్ చేసిచ్చాం. ఒక అమ్మాయికి హాల్ టికెట్ రాలేదు. దరఖాస్తే పెట్టలేదు పొమ్మన్నారు కాలేజీ ఆఫీసులో. పెట్టానని ఆ పిల్ల ఏడుస్తుంటే, వాళ్ల నాన్న పిల్లనే తిట్టాడట. విషయం నాదాకా వచ్చింది. లాగ్ తెరిచి చూస్తే ఆ అమ్మాయి నంబరుతో మూడు వరుసలున్నాయి. మూడుసార్లు పంపింది, మూడుసార్లూ మా సర్వరే మొరాయించింది. ఆ వరుసలు ప్రింటు తీసి కాలేజీకి పంపాను. పిల్ల పరీక్ష రాసింది. వాళ్ల నాన్న సంచీడు సపోటాలు పట్టుకుని తెనాలి వచ్చాడు.

మేం లూథరన్ క్రైస్తవులం. మా ఇంట్లో బైబిల్ వాక్యాన్ని ఎలా నమ్ముతారో ఆ రోజు నుంచి నేను లాగ్‌ని అలా నమ్మాను. లాగ్‌లో ఉంటే జరిగినట్టే. అంతవరకు నిజమే. లాగ్‌లో లేకపోతే జరగనట్టే అన్న రెండో మాటను నాకు తెలియకుండా నేనే దానికి కలిపేసుకున్నాను. అలా కలపడానికి వీల్లేదని పదేళ్లపాటు పిల్లలకు లెక్కల్లో చెప్పినదాన్ని.

రేపల్లె లాబ్

ఆ ఆస్పత్రి పేరు రాయను. తెనాలిలో పెద్ద ఆస్పత్రి, బాపట్లలో, రేపల్లెలో చిన్న శాఖలు. పెద్ద డాక్టర్లు తెనాలిలో ఉండేవారు. మా అప్లికేషన్ రాకముందు రేపల్లె లాబ్‌లో రక్తపరీక్ష చేస్తే ఫలితం రిజిస్టర్లో రాసుకునేవారు. ఏదైనా తేడాగా ఉంటే డాక్టరుకు ఫోన్ చేసేవారు. అప్లికేషన్ వచ్చాక ఫోన్లు మానేయమన్నారు, ఓపీ మధ్యలో డాక్టర్లకు చికాకని. ఫలితం ఎంట్రీ చేసి సేవ్ కొడితే తెనాలిలో డాక్టరు స్క్రీన్ మీద కనబడుతుంది. ప్రమాదం ఉన్నదైతే ఎర్ర అక్షరాల్లో అన్నిటికన్నా పైకి వస్తుంది. ఇంక రిజిస్టరు ఎందుకు, రెండుచోట్ల రాయడం దండగ, తీసేయండని మీటింగులో సలహా ఇచ్చింది నేను.

రేపల్లె లాబ్‌లో టెక్నీషియన్ షమీమ్. నలభై దాటిన మనిషి. వాళ్ల నాన్న ఆ ఊళ్లో దర్జీ. ఆమెకు అప్లికేషన్ నేర్పడానికి తెనాలి నుంచి పాసింజరు బండిలో మూడు రోజులు వెళ్లొచ్చాను. నేను చెప్పే ప్రతి మెట్టూ నోటుబుక్కులో తెలుగులో రాసుకునేది. మొదటిరోజు మేడం అంది, రెండో రోజుకు అక్కా అని పిలిచింది.

ఒకసారి ఇంగ్లీషులో రాసిన రిమార్కులో ఏదో స్పెల్లింగ్ తప్పు పడి, డాక్టరు అందరి ముందూ అన్నాడట. అది ఆమె మనసులో ఉండిపోయింది. రిమార్కులు తెలుగులో రాయొచ్చా అని అడిగింది. రాయొచ్చు, మన అప్లికేషన్‌లో తెలుగు ఉంది అన్నాను. ఆమె ముఖం తేటపడింది. ఆ తర్వాత ఆమె రిమార్కులన్నీ తెలుగులోనే ఉండేవి. ముక్తసరిగా రాసే మనిషి కాదు. మామూలు ఫలితానికి చిన్న వాక్యమైనా, తేడా ఉన్నదానికి పొడవాటి వాక్యం రాసేది.

మేం అప్లికేషన్ ఇచ్చిన మరుసటి సంవత్సరం, ఒక సోమవారం పొద్దున పెనుమూడి నుంచి కోటయ్య అనే రైతు రక్తపరీక్షకు వచ్చాడు. మూత్రపిండాలు బలహీనపడి మందులు వాడుతున్నాడు. పదిహేను రోజులకోసారి రేపల్లెలో రక్తమిచ్చి వెళ్తాడు, తెనాలిలో డాక్టరు ఫలితం చూసి మందులు మారుస్తాడు. ఆ రోజు అతని రక్తంలో పొటాషియం చాలా ఎక్కువగా ఉంది. అది హద్దు దాటితే గుండె ఉన్నట్టుండి ఆగిపోతుంది. అలాంటివాణ్ణి వెంటనే ఆస్పత్రికి పిలిపించాలి.

ఎవరూ పిలవలేదు. బుధవారం మధ్యాహ్నం అతనికి ఊపిరాడలేదు. అంబులెన్సులో తెనాలి తీసుకొస్తుంటే భట్టిప్రోలు దాటకముందే ప్రాణం పోయింది. డాక్టరు స్క్రీన్ మీద కోటయ్య పేరు పక్కన ఏమీ లేదు. ఈసారి పరీక్షకు రాలేదేమో అనుకున్నాడు.

మేడ మీద గది

పరీక్ష మెషీను నుంచి వచ్చే సన్నటి కాగితం షమీమ్ దగ్గరుంది. పొటాషియం అంకె, సోమవారం తేదీ అందులో ఉన్నాయి. ఒకసారి నమ్మకం చాలక రెండోసారి కూడా చేసిందని ఆ కాగితంలోనే తెలుస్తోంది. కాబట్టి పరీక్ష జరిగింది. సిస్టంలో ఫలితం లేదు. ఆమె ఎంట్రీ చేసిందా లేదా అన్నది మిగిలింది.

తెనాలి ఆస్పత్రి మేడ మీద గదిలో కూర్చున్నాం. ఆస్పత్రి నడిపే పెద్ద డాక్టరు, శేషగిరి గారు, నేను, తలుపు పక్క కుర్చీలో షమీమ్. అంతకుముందు రోజే నేను లాగ్ చూశాను. ఆ సోమవారం రేపల్లె నుంచి ఒక్క ఎర్రరూ లేదు. తెలుగు రిమార్కు వల్ల ఏమైనా అయిందేమోనని కూడా అనుమానం వచ్చింది. నా టేబుల్ దగ్గరే ఒక ఉత్తుత్తి ఎంట్రీ చేసి, రిమార్కులో "బాగుంది" అని తెలుగులో కొట్టి చూశాను. చక్కగా సేవ్ అయింది.

డాక్టరు నన్ను అడిగాడు, తప్పు కంప్యూటరుదా, మనిషిదా అని. లాగ్‌లో ఏమీ లేదండి, ఎంట్రీ జరగలేదు అన్నాను.

షమీమ్ డాక్టరు వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"అక్కా, నేను సేవ్ కొట్టాను. పచ్చగీత వచ్చింది. వచ్చాకే ఇంకో పేషెంటుని పిలిచాను."

సేవ్ అయితే స్క్రీన్ పైన ఒక పచ్చటి గీత, మధ్యలో 'సేవ్ అయింది' అని వస్తుంది. అది పెట్టిందీ నేనే.

"పనిలో పడి పొరపాటు పడి ఉంటావమ్మా" అన్నాను. మెత్తగానే అన్నాను. ఆ మెత్తదనం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ వారంలోనే ఆమెను తీసేశారు. కారణం ఊరంతా తెలిసింది గనక ఆ చుట్టుపక్కల ఇంకే లాబ్ వాళ్లూ తీసుకోలేదు.

ఇక్కడ రెండు సంగతులు ఈ పనిలోకి వచ్చేవాళ్ల కోసం విడిగా చెప్పాలి. మొదటిది, మా ఎర్రర్ లాగ్ కాక ఇంకో ఫైలుంది. తన దగ్గరకొచ్చిన ప్రతి పిలుపునూ సర్వరు దాన్లో రాసుకుంటుంది. అది తెరిచి ఉంటే, సోమవారం ఆ సమయానికి రేపల్లె నుంచి సేవ్ పిలుపు వచ్చిందని కనబడేది. నేను తెరవలేదు. నా లాగ్ ఉండగా అదెందుకు అనుకున్నాను. నెల దాటితే ఆ ఫైలు చెరిగిపోయేలా పెట్టింది కూడా నేనే, సర్వరులో చోటు చాలదని.

రెండోది, నేనిచ్చిన రిపోర్టు. "ఎంట్రీ జరిగినట్టు మా లాగ్‌లో ఆధారం కనబడలేదు" అని రాయాల్సింది. "ఎంట్రీ జరగలేదు" అని రాశాను. కింద నా సంతకం ఉంది.

బాపట్ల నుంచి ఫోన్

ఎనిమిది నెలల తర్వాత బాపట్ల శాఖ లాబ్ నుంచి ప్రసన్నకుమార్ అనే టెక్నీషియన్ ఫోన్ చేశాడు. పొద్దున సేవ్ చేసిన ఫలితం ఒకటి కనబడట్లేదన్నాడు. సరిగ్గా సేవ్ కొట్టారా అని అడిగాను, అలవాటుగా.

"ఫొటో ఉందండి మేడం. పంపిస్తాను చూడండి" అన్నాడు.

ఫొటోలో పేషెంటు పేరు, ఫలితం, కింద పొడవాటి తెలుగు రిమార్కు, పైన పచ్చగీత. సేవ్ అయింది. ఫొటో ఎందుకు తీశారని అడిగాను. షమీమ్ సంగతి జరిగాక అన్ని లాబుల్లోనూ టెక్నీషియన్లు ప్రతి ఎంట్రీకీ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటున్నారని చెప్పాడు. ఎనిమిది నెలలుగా. మాకెవరికీ తెలియదు.

ఆ పూటే పొన్నూరు మీదుగా బస్సులో బాపట్ల వెళ్లాను. ప్రసన్నకుమార్ పక్కన కూర్చుని, ఆ రిమార్కు మళ్లీ అక్షరం పొల్లు పోకుండా కొట్టమన్నాను. సేవ్ కొట్టాడు. పచ్చగీత వచ్చింది. జాబితాలో ఎంట్రీ లేదు. లాగ్ తెరిచాను. లాగ్‌లోనూ లేదు. రిమార్కు సగానికి తగ్గించి కొట్టమన్నాను. సేవ్ అయింది, ఎంట్రీ కనబడింది. మళ్లీ పొడవు పెంచాం. మాయమైంది.

వీలైనంత తేలిగ్గా చెబుతాను. రిమార్కుకు నేను డేటాబేసులో వంద గడులు పెట్టాను. ఇంగ్లీషు అక్షరం ఒక గడిలో సరిపోతుంది. తెలుగులో అక్షరానికి మూడు గడులు, గుణింతం గుర్తుకు ఇంకో మూడు, ఒత్తు వస్తే మరికొన్ని. స్క్రీన్ మీద మాత్రం ఏ భాషలోనైనా వంద అక్షరాల దాకా టైపు చేయనిచ్చాను. అంటే తెలుగులో చిన్న వాక్యం రాస్తే పడుతుంది, కాస్త పొడవాటిది రాస్తే పట్టదు. చాలా ఫలితాలకు చిన్న వాక్యమే సరిపోయేది గనక అంతకుముందు ఇది బయటపడలేదు. పట్టకపోతే డేటాబేసు ఆ ఎంట్రీ మొత్తాన్ని, ఫలితంతో సహా, తిప్పికొడుతుంది.

అలా తిప్పికొట్టినప్పుడు ఎర్రర్ లాగ్‌లోకి రావాలి కదా. వస్తుంది. లాగ్‌లో నేను ఏం రాయిస్తున్నాను? ఎవరు ఏం టైపు చేశారో అది కూడా. దానికి ఎన్ని గడులు పెట్టాను? అవే వంద. మొదటి పట్టికలో పట్టని వాక్యం రెండో పట్టికలోనూ పట్టలేదు. లాగ్ రాయడమే విఫలమైతే ఏం చేయాలన్న చోట నేను ఏమీ రాయలేదు. ఖాళీగా వదిలేశాను. పైన ఒక చిన్న వివరణ మాత్రం ఉంది, నా మాటల్లోనే: ఇక్కడ ఏమీ చేయనక్కర్లేదు. ఇక పచ్చగీత సంగతి. సేవ్ కొట్టాక పేజీ వెళ్లి లాగ్‌ని అడుగుతుంది, ఇప్పుడేమైనా ఎర్రర్ నమోదైందా అని. లేదంటే పచ్చగీత వేస్తుంది.

కాబట్టి షమీమ్ సేవ్ కొట్టింది. పచ్చగీత వచ్చింది. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజం. రిమార్కులో ఏం రాసి ఉంటుందో ఊహించగలను. పొటాషియం బాగా ఎక్కువగా ఉందని, రెండుసార్లు చేసి చూశానని, డాక్టరు గారు వెంటనే చూడాలని. ముక్తసరిగా ఒక్క ముక్క రాసి ఊరుకునే మనిషైతే ఆ ఎంట్రీ సేవ్ అయ్యేది, కోటయ్యకు ఫోన్ వెళ్లేది. నేను పరీక్షించినప్పుడు "బాగుంది" అని కొట్టి చూశాను. షమీమ్ రాసేంత వాక్యం రాసి చూడాలని తోచలేదు.

ప్రసన్నకుమార్ నా ముఖం చూసి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె గురించేనా మేడం అన్నాడు. అవునన్నాను.

మర్నాడు సాయంత్రానికల్లా సరిచేశాను. గడులు పెంచడం చిటికెలో పని. లాగ్ డేటాబేసులో పడకపోతే పక్కన మామూలు ఫైల్లో పడేలా, అదీ కుదరకపోతే స్క్రీన్ ఎర్రగా మారి "సేవ్ కాలేదు" అని చెప్పేలా చేశాను. ఎంట్రీని తిరిగి చదివి, నిజంగా ఉందని చూశాకే పచ్చగీత వేయించాను. మీరు రాసే ప్రతి లాగ్‌నూ ఒకసారి మీ చేత్తో పడగొట్టి చూడండి. డేటాబేసు ఆపేసి, పట్టనంత పొడుగు రాసి, మీ అమ్మ మాట్లాడే భాషలో రాసి. అది పడిపోయినప్పుడు ఎవరికి తెలుస్తుందో చూడండి. ఎవరికీ తెలియకపోతే అది లాగ్ కాదు.

పదకొండు నెలలు

శేషగిరి గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"సరిచేశారుగా అండి. ఇప్పుడు బయటపెడితే ఆస్పత్రి వాళ్లు మనల్ని ఉంచరు. మిగతావాళ్లూ పోతారు. ఈ ఆఫీసు మీద పదిహేను కుటుంబాలున్నాయి. పోయిన మనిషి తిరిగొస్తాడా?" అన్నారు.

ఆయన్ని చెడ్డవాణ్ణి చేసి రాయడం నాకు తేలిక. కానీ నేను ఆయనతో వాదించలేదు. ఆ మాటలు ఆయన అన్నందుకు లోపల ఊపిరి పీల్చుకున్నాను. షమీమ్‌కు నేనే చెప్పొచ్చు, ఎవరూ నా కాళ్లు కట్టేయలేదు. రేపల్లె బండి రోజూ ఉంది. రిటైర్మెంటుకు పదకొండు నెలలుంది. ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే చోట అందరితో పాటు నేనూ పెదవులు కదిపేదాన్ని. ఆఫీసులో వీడ్కోలు సభ చేసి, నా అంత నికార్సయిన మనిషి లేదని పొగిడారు. దండ వేశారు. ఆ దండతోనే ఇంటికొచ్చి గదిలో కూర్చుని ఏడ్చాను.

నాకేమీ నష్టం రాదని తేలాకే నోరు విప్పాను. ఇది దాచి మిగతాది రాస్తే ఈ రాతకు అర్థం లేదు.

రేపల్లెలో

జరిగిందంతా నాలుగు పేజీల్లో రాసి, సంతకం పెట్టి, ఆస్పత్రికి పోస్టు చేశాను. ఒక నకలు తీసుకుని రేపల్లె వెళ్లాను. షమీమ్ వాళ్ల నాన్న దుకాణంలోనే కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. జాకెట్లు కుడుతోంది. నన్ను చూసి లేచి కుర్చీ వేసింది. అక్కా అనలేదు. కూర్చోండి మేడం అంది.

చెప్పాను. అడ్డు రాకుండా విన్నది. కాగితాలు చదివింది, నెమ్మదిగా, ఒక్కో పేజీ. చదివాక మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"మొదట్లో కొట్టానని నాకు గట్టిగా తెలుసు" అంది. "మీరందరూ కాదన్నారు. పోనుపోను నాకే అనుమానమొచ్చింది. నిజంగా కొట్టానా, లేక కొట్టాననుకున్నానా అని. ఇప్పుడు తలుపు గడియ పెట్టానో లేదో మూడుసార్లు లేచి చూసుకుంటాను. గ్యాసు కట్టేశానా అని మా అమ్మాయిని అడుగుతాను. నా చేత్తో నేను చేసిన పని నాకు నమ్మకం లేదండి."

క్షమించమని అడిగాను. ఆమె ఒళ్లోని కాగితాలు తీసి మిషను సొరుగులో పెట్టింది.

ఆస్పత్రి ఏం చేసిందో ఇక్కడే చెప్పేస్తాను. ఆమె తప్పేమీ లేదని ఉత్తరం ఇచ్చారు, మళ్లీ ఉద్యోగంలోకి రమ్మన్నారు. ఆమె వెళ్లలేదు. ఆ స్క్రీన్ ముందు మళ్లీ కూర్చోలేనంది. మా ఆఫీసును ఆ పనిలోంచి తప్పించారు. ఆఫీసు మూతపడలేదు, చిక్కిపోయింది. ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. శేషగిరి గారు నాకు ఫోన్ చేయడం మానేశారు. నేనూ చేయలేదు.

ఆ రోజు నేను లేచి వచ్చేయబోతుంటే షమీమ్ ఆపింది.

"పెనుమూడి వాళ్లకి చెప్పారా?" అంది.

నాకు ఆ ఆలోచనే రాలేదు. పదకొండు నెలలూ షమీమ్ ముఖమే కళ్లముందు మెదిలింది గాని, చనిపోయిన మనిషికి ఒక ఇల్లుంటుందని అనుకోలేదు.

"రేపు పొద్దున రండి. నేనూ వస్తాను. మీకు ఇల్లు తెలీదు" అంది.

పెనుమూడి

మర్నాడు రేపల్లె నుంచి ఇద్దరం ఆటోలో వెళ్లాం. కోటయ్య భార్య పద్మావతి వసారాలో కూర్చుని చేటలో మినుములు ఏరుతోంది. షమీమ్‌ను గుర్తుపట్టింది. రక్తం తీసే అమ్మ కదూ అని పీటలు వేసింది.

నేను చెప్పడం మొదలుపెట్టాను. గడులూ పట్టికలూ చెప్పలేదు. మీ ఆయన రక్తంలో ప్రమాదం ఉందని ఈమె ఆ రోజే కనిపెట్టి కంప్యూటర్లో రాసింది, కంప్యూటరు దాన్ని డాక్టరుకు అందించలేదు, ఆ కంప్యూటరు పని చేసింది నేను, తప్పు నాది అని చెప్పాను. ఆమె చేతులు చేటలో ఆగిపోయాయి.

"ఏ రోజు?" అంది.

"సోమవారమమ్మా. రక్తమిచ్చిన రోజే" అంది షమీమ్.

"సోమవారమే ఉందా ఆ జబ్బు రక్తంలో?"

"ఉందమ్మా. రెండుసార్లు చేసి చూశాను."

పద్మావతి చిన్న గొంతుతో చెప్పింది. మంగళవారం ఆయన నీరసంగా ఉందంటే తను రెండు కొబ్బరిబొండాలు కొట్టించి తాగించిందట. కొబ్బరినీళ్లలోనూ పొటాషియం ఎక్కువని, ఆ జబ్బువాళ్లకు ఇవ్వకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పోయాక, దినం రోజు, ఎవరో చుట్టం చెప్పాడు, అందరి ముందూ.

"నేనే చంపుకున్నాననుకున్నానమ్మా" అంది. "మా అత్త కూడా అదే అంది."

షమీమ్ ఆమె చెయ్యి పట్టుకుంది. నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. ఆ నీళ్లు మంచి చేసి ఉండవమ్మా, కానీ సోమవారం సాయంత్రానికే మీకు ఫోన్ రావాల్సింది, వచ్చి ఉంటే మంగళవారం ఆయన ఈ ఇంట్లో కాదు, తెనాలి ఆస్పత్రిలో ఉండేవాడు అన్నాను.

"బతికేవాడా?"

"బతికేవాడేమోనమ్మా."

ఆమె ఏడవలేదు. చేట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది.

"లోపల మా అత్త ఉంది. ఆమెకి చెప్పండి. ఆమె నా చేత్తో ఏదీ పుచ్చుకోదు. ఆడపడుచు రెండు పూటలా క్యారేజీ తెచ్చి పెడుతుంది. నేను చెబితే వినదు. మీరు చెప్పండి."

లోపల మంచం మీద ముసలామె పడుకుని ఉంది. చెవులు సరిగ్గా వినబడవు. షమీమ్ ఆమె చెవి దగ్గర వంగి అంతా మళ్లీ చెప్పింది. సోమవారం అన్న మాట మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. కొబ్బరినీళ్లకు ముందు రోజే అని చెప్పింది. తర్వాత నన్ను చూపించింది. నేను మంచం పక్కన కింద కూర్చుని, తప్పు నాదండి పెద్దమ్మ గారూ, మీ కోడలిది కాదు అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఏడాది కావస్తోందండి."

"మరి ఇన్నాళ్లూ ఏంటమ్మా చెప్పలేదు?"

పదిహేను కుటుంబాలనీ, రిటైర్మెంటనీ నాకు నేను చెప్పుకున్న కారణాలు ఒక్కటీ నోటికి రాలేదు.

"భయపడ్డానండి" అన్నాను.

ఆమె తల తిప్పి గడప వైపు చూసింది. పద్మావతి అక్కడే నిలబడి ఉంది.

"పద్మా, కాసిని మంచినీళ్లియ్యి" అంది.

పద్మావతి వెంటనే కదల్లేదు. ముసలామె మళ్లీ అడిగింది. అప్పుడు వెళ్లి గ్లాసుతో తెచ్చింది. ఆమె లేచి కూర్చుని రెండు చేతులతో అందుకుని తాగింది. మేం అక్కడ ఉండడం బాగోదనిపించి బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాం.

ఆటో వచ్చేదాకా షమీమ్ నా పక్కనే నిలబడింది. ఆటోలోనూ పక్కనే కూర్చుంది. రేపల్లెలో దిగి, తన వంతు ఆటో డబ్బులు తనే ఇచ్చి, దుకాణం వైపు నడిచి వెళ్లిపోయింది.